విరిగిన బోల్టును తీయడం, సరైన బోల్టు బిగించడం: ట్రాక్టరు, ట్రాలీ, రోటవేటరు ఉన్న రైతులకు సూచనలు

దుక్కులు, దమ్ము పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో ఒక్క బోల్టు విరిగినా పని ఆగిపోతుంది. బోల్టు ఖరీదు కొద్ది రూపాయలే. కానీ లోపల ఇరుక్కుపోయిన ముక్కను తొందరపడి తీయబోతే హబ్బు లేదా గేర్ బాక్సు పాడై ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. అంతకంటే ప్రమాదం, దొరికిన బోల్టేదో బిగించి బండిని మళ్లీ రోడ్డెక్కించడం. లోడుతో వెళ్తున్న ట్రాలీ చక్రం ఊడినా, తిరుగుతున్న రోటవేటరు బ్లేడు ఎగిరినా ప్రాణాలకే ముప్పు. అందువల్ల విరిగిన ముక్కను తీయడం ఎంత ముఖ్యమో, అది ఎందుకు విరిగిందో తెలుసుకుని దానికి తగిన బోల్టు వేయడం కూడా అంతే ముఖ్యం.

పని మొదలుపెట్టే ముందు

* ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోవాలి. పీటీఓ గేరు తప్పించాలి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు అడ్డు పెట్టాలి.
* రోటవేటరు, కల్టివేటరు వంటి పనిముట్లను నేల మీదకు దించాలి. హైడ్రాలిక్ మీద వేలాడుతున్న పనిముట్టు కింద చేయి పెట్టకూడదు. పైకి ఎత్తి చేయక తప్పకపోతే కింద గట్టి స్టాండు గానీ చెక్క దిమ్మెలు గానీ పెట్టాలి.
* ట్రాలీ చక్రం తీయాలంటే ముందు లోడు దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఇటుకలు, రాళ్లు ఆనించకూడదు. అవి ఒక్కసారిగా పగిలిపోతాయి.
* కళ్లద్దాలు తప్పక పెట్టుకోవాలి. డ్రిల్లు పట్టుకున్నప్పుడు చేతి తొడుగులు, మెడలో కండువా, వేలాడే లుంగీ అంచులు ఉండకూడదు. తిరిగే బిట్టు గుడ్డను పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది.
* వెల్డింగ్ చేయాల్సి వస్తే చుట్టూ ఉన్న గడ్డి, గ్రీజు, డీజిల్ తుడిచి, బకెట్టు ఇసుకను దగ్గర ఉంచుకోవాలి. ట్రాక్టరుకు తగిలించి ఉన్న భాగం మీద వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేయాలి.

ఎందుకు విరిగిందో ముందు చూడండి

విరిగిన తల ముక్కను పారేయకండి. దాన్ని తుడిచి వెలుతురులో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది.

* విరిగిన చోట ఆల్చిప్ప మీద ఉండే గీతల్లా నున్నటి వంపు గీతలు ఉండి, ఒక పక్కన మాత్రమే గరుకుగా ఉంటే, ఆ బోల్టు ఒక్క రోజులో విరగలేదని అర్థం. బిగువు తగ్గి, రోజూ ఊగుతూ, కొద్దికొద్దిగా పగులుతూ వచ్చి చివరకు తెగింది. బిగింపులోనే లోపం ఉంది. ఆ చుట్టుపక్కల బోల్టులు కూడా అదే దారిలో ఉండవచ్చు.
* మెడ భాగం సాగి సన్నబడి తెగితే, అతిగా బిగించారు లేదా బలం తక్కువ బోల్టు వేశారు.
* తెగిన చోటంతా కొత్తగా, గరుకుగా మెరుస్తూ ఉంటే, రాయి లేదా మొద్దు తగిలి ఒక్క దెబ్బకు విరిగింది.
* తెగిన చోట కొంత భాగం తుప్పు పట్టి నల్లగా ఉంటే, ఆ పగులు పాతది. లోపల ముక్క కూడా తుప్పుతో పట్టుకుని ఉంటుంది. తీయడానికి ఓపిక కావాలి.

కారణం సరిచేయకుండా కొత్త బోల్టు వేస్తే అది కూడా అక్కడే విరుగుతుంది.

ముక్క ఎలా మిగిలిందో గమనించండి

కల్టివేటరు గొర్రులకు ఉండేలాంటి, ఇటు నుంచి అటు దూరి చివర నట్టుతో బిగించే బోల్టు అయితే పెద్ద కష్టం లేదు. నట్టును గ్రైండరుతో కోసి గానీ ఉలితో చీల్చి గానీ తీసి, మిగిలిన ముక్కను పంచ్‌తో అవతలికి కొడితే వచ్చేస్తుంది.

కష్టమంతా హబ్బు, గేర్ బాక్సు, ఇంజను వంటి చోట్ల మరల్లోకి, అంటే థ్రెడ్డులోకి బిగించిన బోల్టులతోనే. అక్కడ మూడు రకాలుగా విరుగుతుంది. కొంత ముక్క పైకి మిగలవచ్చు, ఉపరితలంతో సమంగా తెగవచ్చు, లోపలికి తెగవచ్చు. పైకి ఎంత ఎక్కువ మిగిలితే పని అంత తేలిక. రంధ్రం అవతలి వైపుకు తెరిచి ఉందో లేదో కూడా చూడాలి. తెరిచి ఉంటే ముక్కను బిగించే దిశలోనే ఇంకా తిప్పి అవతలి నుంచి తీసుకోవచ్చు.

మరలు ఏ వైపుకు ఉన్నాయో చూసుకోవడం మరవకండి. ఎక్కువ బోల్టులకు కుడి మరలే ఉంటాయి. అవి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పితే ఊడతాయి. తిరిగే షాఫ్టుల చివర కొన్నిచోట్ల ఎడమ మరలు ఉంటాయి. బోల్టును నిలువుగా పట్టుకుని చూసినప్పుడు మరలు ఎడమ నుంచి కుడికి పైకి ఎక్కుతూ ఉంటే కుడి మర, కుడి నుంచి ఎడమకు ఎక్కుతూ ఉంటే ఎడమ మర.

మొదటి మెట్టు: తుప్పు వదలనివ్వండి

వైరు బ్రష్షుతో మట్టి, తుప్పు గీకి, తుప్పు వదిలించే నూనెను ముక్క చుట్టూ వేయాలి. సుత్తితో మెల్లగా పదిసార్లు తట్టాలి. గట్టిగా కొట్టడం వల్ల లాభం లేదు, చిన్న దెబ్బలకు తుప్పు పొర చిట్లి నూనె లోపలికి దిగుతుంది. కొన్ని గంటల వ్యవధిలో రెండు మూడుసార్లు ఇలా చేసి, వీలైతే రాత్రంతా వదిలేయాలి. డీజిల్, కిరోసిన్ కొంతవరకు పనిచేస్తాయి గానీ ఇందుకోసం చేసిన నూనె అంతగా దిగవు. నూనె వేసిన చోట మంట పెట్టాల్సి వస్తే ముందు పూర్తిగా తుడిచేయాలి.

రెండవ మెట్టు: పైకి మిగిలిన ముక్కను తిప్పడం

ముక్క అర సెంటీమీటరైనా పైకి ఉంటే వైస్ గ్రిప్‌తో గట్టిగా పట్టుకోవాలి. పట్టు జారితే ముక్కకు రెండు వైపులా ఆకురాయితో చదును చేసి పానా వేయాలి. మరలు బాగుండి పొడవు ఉంటే రెండు నట్లను ఒకదానిపై ఒకటి ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, కింది నట్టుకు పానా వేసి తిప్పవచ్చు.

ఒకేసారి ఊడే దిశలో బలమంతా పెట్టకండి. ముందు బిగించే వైపుకు కొద్దిగా కదిపితే తుప్పు పట్టు విడుతుంది. కదలిన తర్వాత పావు చుట్టు వెనక్కి, కొద్దిగా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పుతూ మధ్యమధ్య నూనె వేయాలి.

మూడవ మెట్టు: నట్టు వెల్డింగ్ చేసి తిప్పడం

పట్టుకోవడానికి చాలినంత ముక్క లేకపోయినా, పైకి కొద్దిగా ఉన్నా, సమంగా తెగినా ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ముక్క మీద నట్టు పెట్టి, నట్టు లోపలి రంధ్రం గుండా ముక్కకు, నట్టుకు కలిపి వెల్డింగ్ నింపాలి. ఎరుపు తగ్గేదాకా ఆగి, ఇంకా వేడి ఉండగానే పానాతో ముందుకూ వెనక్కూ కదపాలి. వెల్డింగ్ వేడికి ముక్క వ్యాకోచించి, చల్లారుతూ కుంచించుకునేటప్పుడు తుప్పు పట్టు వదులుతుంది. మొదటిసారి నట్టు ఊడి వచ్చినా నిరాశ పడనక్కరలేదు. ఇంకో నట్టు పెట్టి మళ్లీ చేయవచ్చు. ప్రతిసారీ వేడి తగలడం వల్ల ముక్క మరింత వదులవుతుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఎర్తు క్లిప్పును బోల్టు ఉన్న భాగానికే, దగ్గరగా పెట్టాలి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. రెండోది, చక్రం బిగించి ఉన్న హబ్బుకు వెల్డింగ్ గానీ మంట గానీ పెట్టకూడదు. ముందు చక్రం తీసి దూరంగా పెట్టాలి. టైరు ఎక్కించి ఉన్న రిమ్ము వేడెక్కితే టైరు పేలుతుంది. గాలి తీసినా ఈ ప్రమాదం తప్పదు.

నాలుగవ మెట్టు: లోపల తెగిన ముక్కకు డ్రిల్లు

లోపలికి తెగిన ముక్కకు డ్రిల్లింగే దారి. ఇక్కడ తొందర పనికిరాదు.

1. తెగిన ముఖాన్ని సన్న ఉలితో లేదా చిన్న గ్రైండరు రాయితో వీలైనంత చదును చేయాలి.
2. సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాలి. మధ్య తప్పితే బిట్టు పక్కకు జరిగి హబ్బు మరలను కోసేస్తుంది. ఈ ఒక్క పనికి ఎంత సమయం పట్టినా నష్టం లేదు.
3. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో, వేగం తగ్గించి, నూనె చుక్కలు వేస్తూ నిటారుగా రంధ్రం వేయాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెద్ద బిట్లు వాడాలి.
4. రంధ్రం బోల్టు వ్యాసంలో సుమారు సగం అయ్యాక స్టడ్ ఎక్స్‌ట్రాక్టరును లోపలికి తట్టి, ట్యాప్ పిడితో ఊడే దిశలో నెమ్మదిగా తిప్పాలి.

ఎక్స్‌ట్రాక్టరు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అది చాలా గట్టి ఉక్కు, కానీ పెళుసు. ముక్క కదలకపోతే బలం పెంచకండి. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కోయలేదు. అరగంట పని లేత్ షాపు పనిగా మారుతుంది. కదలడం లేదనిపిస్తే ఎక్స్‌ట్రాక్టరు తీసి, నూనె తుడిచి, చుట్టూ వేడి చేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఎక్స్‌ట్రాక్టరును వదిలేసి, రంధ్రాన్ని ట్యాప్ వేసే కొలత దాకా పెంచండి. మధ్య సరిగ్గా ఉంటే బోల్టు గోడ సన్నని పొరగా మిగిలి, మొనదేలిన పంచ్‌తో గీకితే మరల్లోంచి వచ్చేస్తుంది.

మామూలు మరలున్న బోల్టులకు ట్యాప్ ముందు వేయాల్సిన రంధ్రం కొలతలు:

* ఎం6 బోల్టు, మర దూరం 1.0 మి.మీ.: 5.0 మి.మీ. బిట్టు
* ఎం8, 1.25 మి.మీ.: 6.8 మి.మీ.
* ఎం10, 1.5 మి.మీ.: 8.5 మి.మీ.
* ఎం12, 1.75 మి.మీ.: 10.2 మి.మీ.
* ఎం14, 2.0 మి.మీ.: 12.0 మి.మీ.
* ఎం16, 2.0 మి.మీ.: 14.0 మి.మీ.

ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, నూనె వేస్తూ దించాలి. పని అయ్యాక లోపలి రజను, నూనె పూర్తిగా తుడవాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే, బోల్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడికి పోత ఇనుము పగలవచ్చు. మరలు బాగా పోయి ఉంటే లేత్ షాపులో మరల చుట్ట ఎక్కించుకోవడం గానీ, ఒక సైజు పెద్ద ట్యాప్ వేయించడం గానీ మంచిది. చక్రం బోల్టుల దగ్గర మాత్రం సైజు మార్చకూడదు. దెబ్బతిన్న హబ్బును మార్చడమే క్షేమం.

సరైన బోల్టు ఎంచుకోవడం

దుకాణానికి పాత ముక్కను తీసుకెళ్లండి. ఐదు విషయాలు సరిపోవాలి: వ్యాసం, మర దూరం, పొడవు, తల ఆకారం, బలం గ్రేడు.

మర దూరం తెలుసుకోవడానికి స్కేలు చాలు. ఒక మర కొన నుంచి మొదలుపెట్టి పది మరల దూరం కొలవండి. 15 మి.మీ. వస్తే మర దూరం 1.5, 17.5 వస్తే 1.75. పాత ట్రాక్టర్లలో అంగుళాల కొలత బోల్టులు ఉంటాయి. అర అంగుళం బోల్టు 12.7 మి.మీ. ఉంటుంది. అది ఎం12లాగే కనిపిస్తుంది గానీ మరలు కలవవు. చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కని బోల్టుకు పానా వేయకూడదు.

గ్రేడు బోల్టు తల మీద ఉంటుంది. 4.6, 8.8, 10.9 వంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకెను వందతో గుణిస్తే తెగే బలం వస్తుంది. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది, అందులో 80 శాతం అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగుతుంది. 4.6 బోల్టు 400 దగ్గరే తెగుతుంది, 240 దగ్గరే సాగుతుంది. చూడటానికి రెండూ ఒకటే, బలంలో సగానికి సగం తేడా. అంగుళాల బోల్టులకు తల మీద గీతలు ఉంటాయి. మూడు గీతలుంటే గ్రేడు 5, ఆరు గీతలుంటే గ్రేడు 8. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును చక్రాలకు, బ్లేడ్లకు, డ్రాబారుకు వాడకండి. నట్టు కూడా బోల్టుకు తగిన గ్రేడులోనే ఉండాలి.

నట్టు బిగించాక రెండు మరలైనా బయటకు కనిపించాలి. మరల్లోకి బిగించే బోల్టు ఉక్కులో కనీసం తన వ్యాసమంత, పోత ఇనుములో ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు లోతు దిగాలి.

ఎంత బిగించాలి

ట్రాక్టరు, పనిముట్టు పుస్తకంలో ఇచ్చిన కొలతే ప్రమాణం. అది లేనప్పుడు పొడి మరలున్న 8.8 గ్రేడు బోల్టులకు ఈ కింది కొలతలు సుమారుగా వర్తిస్తాయి. అడుగు పొడవు పానా చివర ఎన్ని కిలోల బలంతో లాగాలో పక్కన ఇచ్చాం.

* ఎం8: 25 న్యూటన్ మీటర్లు, సుమారు 8 కిలోలు
* ఎం10: 49 న్యూటన్ మీటర్లు, సుమారు 16 కిలోలు
* ఎం12: 85 న్యూటన్ మీటర్లు, సుమారు 28 కిలోలు
* ఎం14: 135 న్యూటన్ మీటర్లు, సుమారు 45 కిలోలు
* ఎం16: 210 న్యూటన్ మీటర్లు, సుమారు 70 కిలోలు

ఈ లెక్క చూస్తే రెండు తప్పులు అర్థమవుతాయి. ఎం8 బోల్టుకు పైపు తొడిగి లాగితే తెగడం ఖాయం. ఎం16 బోల్టును చిన్న పానాతో మణికట్టు బలంతో బిగిస్తే అది వదులుగానే ఉంటుంది. మరలకు గ్రీజు రాస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి బలం తగ్గించాలి. పుస్తకంలో చెబితే తప్ప చక్రం బోల్టులకు గ్రీజు రాయకండి.

ట్రాలీ చక్రం బోల్టులు

చక్రానికి ఒక బోల్టు విరిగితే దాని భారం పక్క బోల్టుల మీద పడి ఉంటుంది. ఒకటి విరిగితే దానికి ఇరువైపులా ఉన్నవి కూడా మార్చాలి. రెండు విరిగితే ఆ హబ్బుకు ఉన్నవన్నీ మార్చాలి. కొన్ని హబ్బులకు బోల్టులు మరలతో కాకుండా వెనక నుంచి గాట్లతో బిగుసుకుని ఉంటాయి. వాటికి డ్రిల్లు అవసరం లేదు. హబ్బుకు కింద సరైన ఆనిక ఇచ్చి వెనక్కి కొడితే వస్తాయి.

రిమ్ము రంధ్రాలు కోలగా అరిగి ఉంటే కొత్త బోల్టులు ఎంత మంచివైనా నిలవవు. రిమ్ము మార్చాలి. రిమ్ముకు, హబ్బుకు మధ్య మట్టి, రంగు పొరలు, తుప్పు లేకుండా గీకాలి. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. మొదటి లోడు దించిన వెంటనే మళ్లీ ఒకసారి, ఆ తర్వాత కొన్ని రోజులు రోజూ చూడాలి. నట్టు చుట్టూ రిమ్ము మీద ఎర్రటి తుప్పు చారలు కనిపిస్తే అది వదులైందని గుర్తు.

రోటవేటరు షియర్ బోల్టు

పీటీఓ షాఫ్టుకు షియర్ బోల్టు ఉన్న రోటవేటర్లలో ఆ బోల్టు విరగడం లోపం కాదు. విరగడమే దాని పని. రాయి, వేరు తగిలినప్పుడు అది తెగి గేర్ బాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని కొందరు 10.9 బోల్టు గానీ, ఇనుప కడ్డీ ముక్క గానీ పెడతారు. ఆ తర్వాత రాయి తగిలితే తెగేది షాఫ్టు లేదా గేరు పళ్లు. కంపెనీ చెప్పిన సైజు, గ్రేడు బోల్టులు నాలుగైదు ఎప్పుడూ పెట్టెలో ఉంచుకోండి. పదేపదే తెగుతుంటే లోతు ఎక్కువైందా, పీటీఓ వేగం చెప్పినదాని కంటే ఎక్కువ ఉందా, షియర్ బోల్టు రంధ్రం అరిగిందా, బ్లేడ్లకు తీగలు, వేర్లు చుట్టుకున్నాయా చూడాలి.

బ్లేడు బోల్టులు మాత్రం విరగకూడనివి. ఒకటి విరిగితే దాని జత బోల్టును కూడా మార్చాలి. పని మొదలుపెట్టే ప్రతి ఉదయం ఇంజను ఆపి ఉండగా బ్లేడ్లన్నీ చేత్తో కదిపి చూడాలి.

మెకానిక్‌కు వదిలేయాల్సినవి

స్టీరింగు, బ్రేకు, ముందు ఇరుసు, ఇంజను హెడ్డు, గేర్ బాక్సు పెట్టెల బోల్టులు లోపల తెగితే పొలంలో ప్రయోగాలు చేయకండి. అల్యూమినియం భాగాల్లో ఇరుక్కున్నవి, ఎక్స్‌ట్రాక్టరు విరిగిపోయినవి కూడా అంతే. ముక్క బయటకు రాలేదని తలను పైనుంచి వెల్డింగ్‌తో అతికించి నడపడం ఎక్కడా చేయకూడదు. ఆ అతుకు బిగువును మోయదు, అది ఊడే దాకా బయటకు కనిపించదు కూడా.

పెట్టెలో ఉంచుకోవాల్సినవి

తుప్పు వదిలించే నూనె, వైరు బ్రష్షు, వైస్ గ్రిప్, సెంటర్ పంచ్, 3 మి.మీ. బిట్లు రెండు, షియర్ బోల్టులు, మీ చక్రాలకు, బ్లేడ్లకు సరిపోయే బోల్టులు, నట్లు నాలుగేసి చొప్పున. కొత్త బోల్టులను గ్రీజు కాగితంలో చుట్టి, మీద సైజు, ఎక్కడ వాడాలో రాసి పెట్టుకుంటే దుక్కి మధ్యలో వెతుక్కోనక్కరలేదు. చక్రం బోల్టులను బిగించే ముందు ఆ గ్రీజును శుభ్రంగా తుడవాలి.

సీజను మొదలయ్యే ముందు ఒక పూట కేటాయించి ట్రాలీ, రోటవేటరు, కల్టివేటరు బోల్టులన్నీ పానాతో ఒకసారి చూసుకోండి. వదులైన బోల్టును ఆ రోజే బిగిస్తే పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. విరిగాక అదే బోల్టు ఒక రోజు కూలీని, ఒక రోజు అదునును తినేస్తుంది.